ఒక్క మాట మీద కలిసినవాళ్లు

ప్రియమైన పాఠక మిత్రులకు,

 

యుద్ధాల గురించి రాసినప్పుడల్లా మీలో కొందరు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. పరాయి దేశం మీదికి సైన్యాన్ని పంపడం తప్పని మనం నమ్మాం. మనకు ఏ విషయంలోనూ పడనివాడు కూడా సరిగ్గా అదే అంటున్నాడు. కులం, మతం, కూలీల హక్కులు, ఆడవాళ్ల చదువు, దేన్ని తీసుకున్నా అతనిదొక దారి, మనదొక దారి. అలాంటివాడితో కలిసి పనిచేయవచ్చా? ఒకే కాగితం మీద అతని సంతకం పక్కన మన సంతకం పెట్టవచ్చా?

పెట్టవచ్చు, పెట్టాలి అంటాను నేను. ఒక యుద్ధాన్ని ఆపడానికి మనలాంటివాళ్ల బలం ఒక్కటే సరిపోయిన సందర్భాలు చరిత్రలో బహు తక్కువ. అయితే ఆ సంతకానికి బదులుగా మనం ఏమి ఇచ్చుకుంటున్నామన్నది చూసుకోవాలి. ఈ సంగతి నాకు బాగా తెలియజెప్పింది నూట పాతికేళ్ల కిందటి అమెరికా కథ. కాస్త తీరిగ్గా చెబుతాను.

1898లో అమెరికా స్పెయిన్‌తో యుద్ధానికి దిగింది. క్యూబాను విడిపించడానికని చెప్పారు. యుద్ధం ముగిసేసరికి, పసిఫిక్ మహాసముద్రం అవతల ఉన్న ఫిలిప్పీన్స్ కూడా చేతికి అందింది. ఫిలిప్పీన్స్ ప్రజలు అప్పటికే స్పెయిన్ మీద తిరగబడి ఉన్నారు. అగినాల్డో నాయకత్వాన జూన్ 12న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు కూడా. ఆ ప్రకటనను ఎవరూ లెక్కచేయలేదు. డిసెంబర్‌లో పారిస్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం స్పెయిన్ రెండు కోట్ల డాలర్లు పుచ్చుకొని ఆ దీవులను అమెరికాకు రాసిచ్చింది. ఇలా జరగబోతున్నదని ముందే పసిగట్టినవాళ్లు నవంబర్‌లోనే బోస్టన్‌లో ఒక సంఘం పెట్టారు. సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘం అని దానికి పేరు.

అందులో ఎవరెవరున్నారో చూడండి. మొదటి అధ్యక్షుడు జార్జ్ బౌట్‌వెల్, రిపబ్లికన్ పార్టీ పెద్దమనిషి, ఒకప్పటి ఆర్థిక మంత్రి. ఉపాధ్యక్షుల జాబితాలో డెమొక్రాట్ మాజీ అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ ఉన్నాడు. ఉక్కు కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ ఉన్నాడు. కార్మిక సమాఖ్య అధ్యక్షుడు శామ్యూల్ గాంపర్స్ ఉన్నాడు. తర్వాత కొన్నాళ్లకు మార్క్ ట్వైన్ వచ్చి చేరాడు.

కార్నెగీ, గాంపర్స్ ఒకే జాబితాలో ఉండటం ఎంత పెద్ద సంగతో తెలియాలంటే హోమ్‌స్టెడ్ గురించి చెప్పాలి. పిట్స్‌బర్గ్ దగ్గర హోమ్‌స్టెడ్‌లో కార్నెగీ ఉక్కు కర్మాగారం ఉండేది. 1892లో అక్కడ యాజమాన్యం గేట్లు మూసి కార్మికులను బయటికి నెట్టింది. పింకర్టన్ కంపెనీ నుంచి తుపాకుల మనుషులను పడవల మీద దింపింది. జులై 6న ఏటి ఒడ్డున కాల్పులు జరిగి రెండు వైపులా ప్రాణాలు పోయాయి. చివరికి యూనియన్‌ను పూర్తిగా అణిచివేశారు. ఆ యూనియన్ గాంపర్స్ సమాఖ్యలోదే. అది జరిగిన ఆరేళ్లకు ఇద్దరి పేర్లూ ఒకే సంఘం కాగితాల మీద అచ్చయ్యాయి. హోమ్‌స్టెడ్‌ను మరిచిపొమ్మని గాంపర్స్‌కు ఎవరూ చెప్పలేదు. యూనియన్లంటే ఇష్టపడమని కార్నెగీని ఎవరూ అడగలేదు. ఫిలిప్పీన్స్‌ను కలుపుకోకూడదు అన్న ఒక్క మాటే ఇద్దరినీ అక్కడికి తెచ్చింది.

ఇదంతా చదివి మురిసిపోదామంటే కుదరదు. ఆ మాట అన్నవాళ్ల కారణాలన్నీ మంచివి కావు. ఆసియా నుంచి చవక కూలీలు వచ్చిపడతారన్న భయం గాంపర్స్‌కు ఉంది. చైనా వాళ్లను దేశంలోకి రానివ్వకూడదని గట్టిగా వాదించినవాడాయన. ఇక సంఘం బయట, సెనేట్‌లో ఒప్పందాన్ని ఎదిరించినవారిలో దక్షిణ కరోలినాకు చెందిన బెన్ టిల్మన్ ఉన్నాడు. నల్లవాళ్లకు ఓటు లేకుండా చేశామని సభలోనే గొప్పగా చెప్పుకున్న మనిషి. ఇంకొక నల్లని, గోధుమ రంగు జనాన్ని తమ దేశంలో కలుపుకోవడమా అన్నది అతని అభ్యంతరం. ఫిలిప్పీన్స్ ప్రజల స్వేచ్ఛ అతని ఊహలోనే లేదు.

మరి టిల్మన్ ఓటును ఏం చేయాలి?

1899 ఫిబ్రవరి 6న సెనేట్‌లో ఓటింగ్ జరిగింది. రెండు రోజుల ముందే మనీలా దగ్గర అమెరికా సైన్యానికీ ఫిలిప్పీన్స్ సైన్యానికీ కాల్పులు మొదలయ్యాయి. ఒప్పందం నెగ్గాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అనుకూలంగా 57, వ్యతిరేకంగా 27 పడ్డాయి. కావలసినదానికంటే సరిగ్గా ఒక్క ఓటు ఎక్కువ. ఇద్దరు సెనేటర్లు మనసు మార్చుకొని ఉంటే ఆ ఒప్పందం ఆ రోజు వీగిపోయేది. అంత దగ్గరలో ఉన్నప్పుడు టిల్మన్ ఓటు వద్దనేవాడు ఎవడైనా ఉంటే, మనీలా వీధుల్లో పడుతున్న శవాలకు అతను జవాబు చెప్పాలి. ఓటు ఎవరిదైనా తీసుకోవాలి. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

అసలు దెబ్బ ఇంకొక చోట తగిలింది. డెమొక్రాట్ల నాయకుడు విలియం జెన్నింగ్స్ బ్రయన్ కూడా ఆక్రమణకు వ్యతిరేకే. కాని ముందు ఒప్పందం కానిచ్చేసి, 1900 ఎన్నికల్లో దీన్నే ప్రచారాంశంగా చేసుకుందామని తన పార్టీవాళ్లకు సలహా ఇచ్చాడు. వద్దని కార్నెగీ ఎంత చెప్పినా వినలేదు. ఆ ఎన్నికలు రానే వచ్చాయి. ఆగస్టులో ఇండియానాపొలిస్‌లో సామ్రాజ్యవాద వ్యతిరేకులు సమావేశమై బ్రయన్‌కు మద్దతు ప్రకటించారు. అక్కడే సంఘం చీలింది. బ్రయన్‌ను బలపరచడమంటే ఫిలిప్పీన్స్ మీద అతని మాటతో పాటు, వెండిని ఇష్టమొచ్చినంత నాణేలుగా ముద్రించాలన్న అతని ఆర్థిక విధానాన్నీ నెత్తికెత్తుకోవాలి. బంగారు నాణెమే ఉండాలనే బోస్టన్, న్యూయార్క్ పెద్దమనుషులకు అది విషం. కార్నెగీ పోయి అప్పటి అధ్యక్షుడు మెకిన్లీ పక్షం చేరాడు. మెకిన్లీ గెలిచాడు. యుద్ధం సాగింది.

నేను ఈ కథలో పదే పదే ఆగేది ఇక్కడే. 1899లో వాళ్లు ఒకరినొకరు అడిగింది ఒక్క మాట, ఒక్క విషయం మీద. కోటీశ్వరుడూ కార్మిక నాయకుడూ సంకోచం లేకుండా అది ఇవ్వగలిగారు. 1900లో అడిగింది ఒక మనిషిని, ఒక పార్టీని, ఆ పార్టీ కార్యక్రమం మొత్తాన్నీ. అంత బరువు ఆ స్నేహం మోయలేకపోయింది. యుద్ధం వద్దనే పొత్తును ఎన్నికల పొత్తుగా మార్చాలని ఎవరైనా మీ దగ్గరికి వస్తే, ఇండియానాపొలిస్‌ను గుర్తుచేయండి.

సంఘం ఓడింది, నిజమే. పని మాత్రం ఆపలేదు. ఫిలిప్పీన్స్‌లో ఉన్న అమెరికా సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాలు సేకరించి అచ్చువేసింది. ఊళ్లు తగలబెట్టడం, గొంతులో నీళ్లు పోసి చిత్రహింసలు పెట్టడం జనానికి తెలిశాయి. 1902లో సెనేట్ కమిటీ విచారణ జరిపింది. సమర్ దీవిని మనుషులు లేని అడవిగా మార్చమన్న జనరల్ జేకబ్ స్మిత్‌ను సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టి, ఉద్యోగం నుంచి సాగనంపారు. అప్పటికే 4,000 మందికి పైగా అమెరికన్లు, దాదాపు 20,000 మంది ఫిలిప్పీన్స్ యోధులు చనిపోయారు. ఆకలికీ కలరాకీ పోయిన మామూలు జనం లక్షల్లో ఉన్నారు. ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యం 1946 జులై 4న గాని రాలేదు.

ఈ సంఘంలో నాకు అందరికంటే దగ్గరివాడు మూర్‌ఫీల్డ్ స్టోరీ. బోస్టన్ న్యాయవాది. ఒప్పందం విషయంలో అతనూ టిల్మన్ ఒకే వైపు ఉన్నారు. కాని నల్లవాళ్ల హక్కుల విషయంలో స్టోరీ నోరు కట్టేసుకోలేదు. 1909లో పుట్టిన నల్లజాతివారి హక్కుల సంస్థకు మొదటి అధ్యక్షుడు అతనే. 1917లో, నల్లవాళ్లు ఫలానా వీధిలో కాపురం ఉండకూడదన్న లూయివిల్ నగర శాసనాన్ని సుప్రీంకోర్టులో వాదించి కొట్టివేయించాడు. టిల్మన్ లాంటివాళ్లు కట్టిన గోడను జీవితాంతం పడగొడుతూనే ఉన్నాడు. పొత్తు పెట్టుకున్నవాడు ఎలా ఉండాలంటే నేను స్టోరీని చూపిస్తాను.

సంఘంలో నన్ను బాధపెట్టే లోటు ఒకటుంది. వాళ్ల సభల్లో ఫిలిప్పీన్స్ గొంతు చాలా తక్కువ వినిపించింది. అగినాల్డో దూత ఫెలిపే అగొన్సిల్లో అప్పుడు వాషింగ్టన్‌లోనే ఉన్నాడు. ప్రభుత్వం అతన్ని దూతగా గుర్తించలేదు. కాల్పుల వార్త రాగానే అతను కెనడాకు వెళ్లిపోవలసి వచ్చింది. బాంబులు ఎవరి నెత్తిన పడుతున్నాయో వాళ్లు వేదిక మీద లేనప్పుడే టిల్మన్ రకం కారణాలు అక్కడ దర్జాగా కూర్చుంటాయి. ఓటు ఎవరిదైనా తీసుకోవాలన్నాను. మైకు మాత్రం అందరికీ ఇవ్వకూడదు. ఎవరి కోసం మాట్లాడుతున్నామో వాళ్లనే హీనపరిచేవాడికి అసలే ఇవ్వకూడదు.

మైకు సంగతి 1941లో ఇంకా స్పష్టంగా తేలింది. రెండో ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగకూడదని ‘అమెరికా ఫస్ట్’ కమిటీ పెద్ద పెద్ద సభలు పెట్టింది. జీవితంలో మొత్తం ఆరుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసిన సోషలిస్టు నార్మన్ థామస్ కూడా వాళ్ల వేదిక మీద మాట్లాడాడు. సెప్టెంబర్ 11న డిమోయిన్ నగరంలో విమానవీరుడు చార్లెస్ లిండ్‌బర్గ్ లేచి, దేశాన్ని యుద్ధంలోకి నెడుతున్నది బ్రిటిష్‌వాళ్లు, యూదులు, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం అని వేలు పెట్టి చూపించాడు. యూరప్‌లో యూదులను ఊచకోత కోస్తున్న రోజులవి. థామస్ ఆ సభలకు దూరమయ్యాడు. మరుసటి ఏడాది జపాన్ సంతతి అమెరికన్లను శిబిరాల్లో బంధించినప్పుడు బహిరంగంగా ఎదిరించిన కొద్దిమందిలో ఆయన ఒకడు. హిట్లర్ ఉన్న ఆ యుద్ధానికి దూరంగా ఉండమనడమే సరికాదని నా అభిప్రాయం. ఆ విషయంలో నేను థామస్ వైపు నిలబడను. డిమోయిన్ తర్వాత ఆయన తప్పుకున్న తీరును మాత్రం గౌరవిస్తాను.

ఇక మన పక్కింటి కథ. శ్రీలంకలో భారత సైన్యం జోక్యం చేసుకున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. 1987 జులై ఒప్పందంతో వెళ్లిన మన శాంతి దళం తమిళ పులులతోనే యుద్ధం చేయవలసి వచ్చింది. సుమారు 1,200 మంది జవాన్లు తిరిగి రాలేదు. కొలంబోలో అధ్యక్షుడైన ప్రేమదాసకు ఆ సైన్యం పోవాలి. పులుల నాయకుడు ప్రభాకరన్‌కూ పోవాలి. సింహళ జాతీయవాద ప్రభుత్వం, తమిళ ఈలం కోసం పోరాడే పులులు, వీళ్లకంటే దూరపు ధ్రువాలు ఏముంటాయి? 1989లో ఇద్దరూ చేతులు కలిపారు. ప్రభుత్వమే పులులకు రహస్యంగా ఆయుధాలు అందజేసింది. 1990 మార్చి 24న మన సైన్యం పూర్తిగా వెనక్కి వచ్చేసింది. అనుకున్నది జరిగింది. మూడు నెలలు తిరగకముందే, జూన్‌లో, తూర్పు రాష్ట్రంలో లొంగిపోయిన పోలీసులను పులులు వందల సంఖ్యలో చంపారు. 1993 మే 1న కొలంబో మేడే ఊరేగింపులో ఆత్మాహుతి దాడిలో ప్రేమదాస చనిపోయాడు. యుద్ధం 2009 దాకా సాగింది.

ఇదీ ఒక జోక్యానికి వ్యతిరేకంగా కుదిరిన పొత్తే. కాని అది చీకట్లో కుదిరింది, ఆయుధాలతో కుదిరింది. ఓటు ఇచ్చి పుచ్చుకుంటే రేపు అభిప్రాయం మార్చుకోవచ్చు. తుపాకీ ఇస్తే వెనక్కి రాదు. పార్లమెంటుకు, ప్రజలకు చెప్పుకోలేని ఒప్పందమైతే యుద్ధాన్ని ఆపే పేరుతోనైనా అందులోకి దిగవద్దు.

ఓడిన కథలే చెబుతున్నావంటారేమో. యెమెన్ సంగతి చూడండి. 2015 మార్చి నుంచి సౌదీ నాయకత్వంలోని కూటమి యెమెన్ మీద బాంబులు వేసింది. ఆ విమానాలకు గాలిలోనే ఇంధనం నింపింది అమెరికా. బాంబులు అమ్మింది కూడా. ఈ సాయం ఆపాలని 2018 ఫిబ్రవరిలో సెనేట్ ముందుకు తీర్మానం తెచ్చింది సోషలిస్టునని చెప్పుకునే బెర్నీ శాండర్స్, యూటా రాష్ట్రపు కరడుగట్టిన సంప్రదాయవాది మైక్ లీ, డెమొక్రాట్ క్రిస్ మర్ఫీ. ప్రజలందరికీ ప్రభుత్వమే వైద్యం చూడాలన్నది శాండర్స్ జీవితాశయం. ప్రభుత్వం చేయి ఎంత తగ్గితే అంత మంచిదన్నది లీ సిద్ధాంతం. అమెరికా కాంగ్రెస్ అనుమతి లేకుండా అధ్యక్షుడు యుద్ధం చేయకూడదన్న రాజ్యాంగ నియమం దగ్గర ఇద్దరూ కలిశారు. మార్చిలో 55–44తో ఓడిపోయారు. ఆగస్టు 9న దహ్యాన్ ఊళ్లో బడిపిల్లల బస్సు మీద బాంబు పడి 40 మంది పిల్లలు చనిపోయారు. అక్టోబర్‌లో ఇస్తాంబుల్‌లో పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీ హత్య జరిగింది. నవంబర్‌లో అమెరికా గాలిలో ఇంధనం నింపడం మానేసింది. డిసెంబర్‌లో అదే తీర్మానం 56–41తో సెనేట్‌లో నెగ్గింది.

ఆ తర్వాత జరిగినది ఈ ఉత్తరానికి బాగా అక్కరకొస్తుంది. 2019 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ తన తీర్మానాన్ని ఆమోదిస్తుండగా, యూదు వ్యతిరేకతను ఖండించే ఒక సవరణ చేర్చారు. ఆ మాట తప్పని ఎవరంటారు? 424–0తో నెగ్గింది. కాని యెమెన్‌తో సంబంధం లేని విషయం చేరడంతో ఆ తీర్మానానికి సెనేట్‌లో తప్పనిసరిగా ఓటింగ్ జరిగే హక్కు పోయింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. మార్చిలో సెనేట్ 54–46తో, ఏప్రిల్ 4న ప్రతినిధుల సభ 247–175తో ఆమోదించాయి. 1973 యుద్ధాధికారాల చట్టం కింద ఇలాంటి తీర్మానం రెండు సభలూ దాటడం అదే మొదటిసారి. ట్రంప్ ఏప్రిల్ 16న వీటో చేశాడు. దాన్ని తిప్పికొట్టే బలం వాళ్లకు చాలలేదు. అయినా ఆకాశంలో ఇంధనం ఆగింది, మళ్లీ మొదలు కాలేదు.

మన దేశానికి వస్తాను. 2003లో ఇరాక్ మీద అమెరికా దాడి చేసినప్పుడు, ఏప్రిల్ 8న మన లోక్‌సభ ఏకగ్రీవంగా దాన్ని నిందించింది. గుజరాత్ మారణకాండ జరిగి ఏడాదే అయింది. వాజపేయి ప్రభుత్వాన్ని కాంగ్రెస్, కమ్యూనిస్టులు రోజూ నిలదీస్తున్న కాలం. ఆ నిలదీత ఒక్కరోజు కూడా ఆగలేదు, ఇరాక్ మీద తీర్మానమూ ఆగలేదు. తర్వాత ఉత్తర ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యాన్ని, దాదాపు 17,000 మందిని పంపమని అమెరికా అడిగింది. ప్రభుత్వంలోనే కొందరు మొగ్గు చూపారు. ప్రతిపక్షాలు ససేమిరా అన్నాయి. జులై 14న, ఐక్యరాజ్యసమితి స్పష్టంగా అడగనిదే పంపబోమని ప్రభుత్వం తేల్చింది. తాడేపల్లిగూడెం దగ్గర, రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లున్న మనకు ఆ నిర్ణయం విలువ వేరే చెప్పాలా? కువైట్‌లో కడప, కోనసీమ వాళ్లు, దుబాయ్‌లో కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు పనిచేసుకుంటున్నారు. వాళ్ల ఇళ్లలో గల్ఫ్ యుద్ధం అంటే ఎవరికీ దూరపు వార్త కాదు.

మరి 1971 బంగ్లాదేశ్ సంగతేమిటని మీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. కోటిమంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. అవతల ఊచకోత సాగుతోంది. అప్పుడు మన సైన్యం వెళ్లడం సరైనదేనని నేను నమ్ముతాను. ఏ జోక్యాన్ని ఎదిరించాలో ఎవరికి వారు ముందు తేల్చుకోవాలి. ఎదిరించాలని తేల్చుకున్నాక మాత్రం పక్కన నిలబడ్డవాడి జెండా రంగు చూసి ఇంటికి పోవద్దని నా మనవి.

ఒక కోరిక. 2003లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపుల్లో మీలో ఎవరైనా నడిచి ఉంటే నాకు రాయండి. వేదిక మీద ఎవరెవరున్నారు, ఒకరికొకరు ముందుగా ఏ షరతులు పెట్టుకున్నారు, సభలో ఎవరిని మాట్లాడనివ్వలేదు, మర్నాడు మీ ఊళ్లో పాత గొడవలు ఎక్కడివక్కడే ఉన్నాయా లేక ఏమైనా మారాయా, గుర్తున్నంత వరకు రాయండి. వచ్చినవాటిలో కొన్నింటిని వచ్చే ఉత్తరంలో అందరితో పంచుకుంటాను.

ఉంటాను,
మీ స్నేహితుడు